ఉతకని గలీబు

పెరట్లోకి ఎండ ఇంకా పూర్తిగా దిగనేలేదు, తల్లి అప్పుడే తీగ మీది దుప్పట్లు తీసి మడతపెట్టడం మొదలుపెట్టింది. పెద్ద మంచం దుప్పటి మడవాలంటే ఇద్దరుండాలి. చెరో రెండు కొసలూ పట్టుకుని దూరంగా జరిగి, గట్టిగా దులిపి, ఎదురెదురుగా నడిచొచ్చి ఒకరి చేతిలోని కొసలు ఇంకొకరికి అప్పగించాలి. ఆవిడ మాత్రం ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, చేతులు చాపగలిగినంత చాపి, ఒక్కతే దుప్పటితో కుస్తీ పడుతోంది. ఉతికిన దుప్పటి చివర కాస్తా నేల మీద దేకుతోంది.

"ఇటివ్వమ్మా, నేనో చెయ్యి వేస్తాను," అంది కూతురు వంటింటి గుమ్మంలోంచి.

"అక్కర్లేదు. నీ పని నువ్వు చూసుకో."

"నా పని అదేగా!"

ఎనిమిది నెలలుగా ఆ ఇంట్లో 'అక్కర్లేదు' అన్న మాట అరిగిపోయేలా వాడుతున్నారు. కాఫీ కలపనా అంటే అక్కర్లేదు, మందులు తేనా అంటే అక్కర్లేదు. కూతురు కాసేపు నిలబడి చూసి, తండ్రి సామాన్ల పెట్టెలోంచి నూనె డబ్బా తీసుకుని మేడెక్కింది. అక్కడ గది తలుపు రెండు రోజులుగా కిర్రుమంటోంది.

మేడ మీది గదిని సెలవులు గడపడానికి వచ్చేవాళ్లకి అద్దెకివ్వడం కూతురి ఆలోచనే. ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో సముద్రం ఉంది, వచ్చేవాళ్లకి లోటు లేదు. ఎక్కువ రోజులుండే వాళ్లకి ప్రతి మూడో రోజు పొద్దున దుప్పట్లూ, గలీబులూ, తువ్వాళ్లూ మార్చాలి. వాళ్లు బయటికి వెళ్లిన గంటలో పని ముగించాలి. వాళ్ల కళ్లజోడు ఎక్కడుంటే అక్కడే ఉండాలి, చదువుతూ బోర్లించిన పుస్తకం బోర్లించినట్టే ఉండాలి. గదిలోకి మనం వచ్చి వెళ్లినట్టు శుభ్రం తప్ప ఇంకేదీ చెప్పకూడదు. ఇది తల్లి పెట్టిన నియమం. ఇక మనిషి గది ఖాళీ చేసి వెళ్లాడంటే కూతురు రంగంలోకి దిగేది. మెట్ల మీద వాళ్ల అడుగుల చప్పుడు ఆగకముందే పక్క మొత్తం ఒలిచేసి మెషీన్‌లో పడేసేది. ఆ వేగం చూసే తండ్రి దానికి తుఫాను అని పేరు పెట్టాడు.

తండ్రి తాళాలు బాగుచేసేవాడు. ఊళ్లో అందరి తాళాలూ వెన్నలా తిరిగేవి, సొంత ఇంటి గడియ మాత్రం భుజంతో తోస్తే గానీ పడేది కాదు. ఆయన ఒంటికి ఎప్పుడూ మెషీన్ నూనె వాసన ఉండేది. ఏ సబ్బుకీ లొంగేది కాదు. పడుకున్న దిండు గలీబుకి, కప్పుకున్న దుప్పటికి, ఆఖరికి తుడుచుకున్న తువ్వాలుకి కూడా అదే వాసన. "మీతో కాపురం చేశానో, తాళాల కొట్టుతో చేశానో తెలియడం లేదు," అని ఆవిడ ముప్పై ఏళ్లు సణుగుతూనే ఉంది. నిమ్మకాయలు రుద్దింది, వేన్నీళ్లలో నానబెట్టింది. వాసన పోలేదు.

ఎనిమిది నెలల కిందట ఒక పొద్దున ఆయన గుండె పట్టుకుని కూలబడ్డాడు. సాయంత్రానికి ఆసుపత్రిలోనే కన్నుమూశాడు. చుట్టాలు వస్తారని కూతురు ముందుగా ఇంటికి వచ్చింది. తల్లి వచ్చేసరికి పడకగదిలో మంచం మీద మల్లెపువ్వులాంటి దుప్పటి పరిచి ఉంది. ఆయన ఆ తెల్లవారుజామున తల పెట్టుకుని లేచిన దిండుకి ఇస్త్రీ చేసిన కొత్త గలీబు తొడిగి ఉంది. ఆవిడ ఆ దిండు ముఖానికి ఆనించుకుంది. సబ్బు వాసన తప్ప ఇంకేమీ లేదు. ముప్పై ఏళ్లు తన వల్ల కానిది కూతురు ఒక్క ఉతుకులో చేసేసింది.

ఆ రోజే కొత్త గలీబు ఊడదీసి అవతల పారేసింది. ఆ దిండు ఇప్పటికీ గలీబు లేకుండానే ఉంది. కూతురితో మాత్రం ఏమీ అనలేదు. అనడానికి నోరు రాలేదు. గలీబు ఉతికావని కన్నకూతురి మీద పగబట్టడమేమిటని తన మీద తనకే సిగ్గు. ఆ సిగ్గు లోపలే ఉండి ఉండి రాయిలా గడ్డకట్టింది. ఇక ఈ ఇంట్లో ఉండలేననిపించి చెల్లెలికి ఫోన్ చేసింది. ఆదివారం వచ్చేస్తాను, ఇక నీ దగ్గరే ఉంటానని చెప్పింది. మంచం కింద పెట్టె సర్ది సిద్ధంగా ఉంది. కూతురు ఆ పెట్టెను చూసింది. ఎందుకని రెండుసార్లు అడిగింది. "ఊరికే," అంది తల్లి.

పొద్దెక్కేసరికి ఫోన్ మోగింది. కూతురు మాట్లాడి, మెట్ల మీదే కూర్చుండిపోయింది.

"మాస్టారు చేశారమ్మా. వాళ్లావిడ... తెల్లవారుజామున పోయారట."

తల్లి చేతిలోని దుప్పటి జారిపోయింది. మేడ మీద దిగింది ఒక రిటైరైన మాస్టారు, ఆయన భార్య. ఇంత మర్యాదస్తుల్ని తల్లి ఎన్నడూ చూడలేదు. దుప్పట్లు మార్చే రోజున మాస్టారి భార్య తనే ముందుగా పాతవి తీసి చక్కగా మడిచి పెట్టేసేది. "మా మురికి మీ చేత ముట్టించడం ఎందుకండీ," అని నొచ్చుకునేది. ఆవిడ కిటికీ వైపు పడుకునేది. ఆ గలీబుకి తలనొప్పి మందు వాసన వచ్చేది, ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు అంటుకుని ఉండేవి. మొన్న సాయంత్రం ఊపిరి ఆడటం లేదంటే అంబులెన్సులో తీసుకెళ్లారు. నిన్న మార్చాల్సిన పక్క అలాగే ఉండిపోయింది. అసలు వాళ్లు ఖాళీ చేయాల్సిన రోజు కూడా ఇవాళే.

"మాస్టారు సామాను తీసుకోవడానికి వస్తున్నారట," అంటూ కూతురు కళ్లు తుడుచుకుంది. లేచి, మడిచిన దుప్పట్ల దొంతర చంకన పెట్టుకుని మేడెక్కింది. తల్లికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. అర్థమయ్యాక, మోకాళ్ల నొప్పి కూడా మరిచిపోయి ఆ పిల్ల వెనకే పరుగు తీసింది. కూతుర్ని దాటుకుని గది గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"తప్పుకోమ్మా. ఆయన వచ్చేలోగా సర్దేస్తాను. ఆ పక్క అలా చూస్తే పాపం తట్టుకోలేరు."

"ఆ మంచం మీద చెయ్యి పడిందంటే ఊరుకోను."

"అదేంటమ్మా? మధ్యాహ్నం వేరేవాళ్లు వస్తున్నారు!"

"వస్తే రానీ. ఇంకో ఇల్లు చూసుకోమని చెప్పు."

"పోయిన మనిషి పడుకున్న పక్కమ్మా అది. అలా వదిలేస్తామా?"

"పోయిన మనిషి పడుకున్న పక్కే! అందుకే వదిలెయ్యమంటున్నాను!" తల్లి గొంతు ఇంటి కప్పు ఎగిరిపోయేలా లేచింది. "మనిషి ఇలా వెళ్లగానే అలా ఒలిచెయ్యడమేనా నీకు తెలిసింది? మీ నాన్న ఖాళీ చేసి వెళ్లాడనుకున్నావా, రెండు రోజులుండి పోయిన గెస్టులాగా?"

కూతురు ఒక మెట్టు వెనక్కి దిగింది.

"నాకు మిగిలింది ఆ గలీబొక్కటేనే! నేను ఆసుపత్రి నుంచి వస్తూ దారి పొడుగునా అదే అనుకున్నాను. ఇంటికెళ్లి ఆ దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తాను అనుకున్నాను. వచ్చి చూస్తే ఏముంది? మనిషి లేడు, వాసనా లేదు. మీ నాన్నని వేన్నీళ్లలో వేసి ఉతికేశావే నువ్వు!"

కూతురి చంకలోంచి దుప్పట్లు ఒక్కొక్కటే జారి మెట్ల మీదికి దొర్లాయి. ఆమె వాటి వంక చూడలేదు.

"ఎనిమిది నెలలు..." అంది. "ఎనిమిది నెలలు ఈ మాట కడుపులో పెట్టుకుని నాతో మాట్లాడకుండా ఉన్నావా? తిట్టినా బాగుండేదిగా. రెండు దెబ్బలు వేసినా బాగుండేది."

"ఏమని తిట్టను? ఇల్లు శుభ్రం చేశావనా?"

"నువ్వొచ్చి ఆ పక్క చూస్తే ఏమైపోతావో అని భయపడ్డానమ్మా. దుప్పటి సగం కిందికి జారి ఉంది, ఆయన లేచిన గుంట దిండులో అలాగే ఉంది. నేనే చూడలేకపోయాను. ఇల్లంతా ఖాళీ, నాకేం చెయ్యాలో తోచలేదు. నా చేతులకి తెలిసిన పని అదొక్కటే. మెషీన్‌లో వేసి, అది తిరిగినంతసేపూ దాని ముందు కూర్చుని ఏడ్చాను. ఆగాక మొహం కడుక్కుని నీకోసం పక్క వేశాను." ఆమె తలెత్తి తల్లిని చూసింది. "ఆయన నీకు మొగుడే కాదమ్మా. నాకూ నాన్నే."

ఆ మాట తల్లికి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. చుట్టాలందరూ తన చుట్టూ చేరి తనను ఓదార్చారు. పక్కలు వేసింది, కాఫీలు అందించింది, వచ్చినవాళ్లకి తువ్వాళ్లు ఇచ్చింది ఈ పిల్ల. దీన్ని ఎవరు దగ్గరికి తీసుకున్నారు? ఎంత ఆలోచించినా ఆవిడకి ఒక్క మనిషి కూడా గుర్తుకు రాలేదు. తను కూడా తీసుకోలేదు.

ఆవిడ ఇంకేదో అనబోయేలోపు కింద గేటు చప్పుడైంది.

మాస్టారు మొన్న కట్టుకున్న బట్టల్లోనే ఉన్నాడు. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు. తల్లీకూతుళ్లు పక్కకి తప్పుకున్నారు. ఆయన గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. పొద్దున నూనె వేసిన తలుపు, చప్పుడు చెయ్యలేదు. కూతురు మెట్ల మీది దుప్పట్లు ఏరుకుని కిందికి దిగి, మధ్యాహ్నం రావలసిన వాళ్లకి ఫోన్ చేసి క్షమించమంది. పక్క వీధిలోని ఇల్లు తనే మాట్లాడి ఇప్పించింది.

చాలాసేపటికి మాస్టారు పెట్టె పట్టుకుని దిగాడు. గేటు దాకా వెళ్లి, వెనక్కి వచ్చాడు.

"అమ్మా, మీరేమీ అనుకోనంటే..." అని ఆగిపోయాడు. చేతులు నలుపుకున్నాడు. "మీ వస్తువే అనుకోండి. అడగడం మర్యాద కాదు. ఆ కిటికీ వైపు దిండు..."

"ఒక్క నిమిషం ఉండండి," అంది తల్లి.

ఆవిడ మేడెక్కి, కిటికీ వైపు దిండు గలీబును దులపకుండా, విదిలించకుండా, అంటుకున్న వెంట్రుకలు రాలకుండా మెల్లగా తీసింది. లోపలి మడత లోపలికే ఉంచి మడిచింది. దాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, గాలి తీసేసి, మూతి బిగించి ముడి వేసింది. కిందికి తెచ్చి రెండు చేతులతో ఆయన చేతిలో పెట్టింది.

"మాటిమాటికీ విప్పకండి మాస్టారూ. గాలి తగిలితే పోతుంది. మరీ ఉండబట్టనప్పుడే విప్పండి. వెంటనే కట్టెయ్యండి."

మాస్టారు తలూపాడు. ఆ సంచిని పెట్టెలో పెట్టుకోలేదు, గుండెకి ఆనించుకుని వెళ్లాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి తల్లి పెరట్లోకి వచ్చింది. కూతురు మెట్ల మీద పడి మాసిన దుప్పట్లు మళ్లీ జాడించి, తీగ మీద ఆరేస్తోంది. వెక్కిళ్లు ఆపుకోవాలని చూస్తోంది గానీ ఆగడం లేదు.

"ఇప్పుడు తెలిసిందమ్మా," అంది, తల తిప్పకుండానే. "నువ్వు ఆయనకి చెబుతుంటే తెలిసింది నేనేం ఉతికేశానో. పిన్ని ఫోన్‌లో చెప్పింది, ఆదివారం నువ్వు తన దగ్గరికి వెళ్తానంటే ఆపనులే."

తల్లి పొద్దున మడతపెట్టకుండా గంపలో మిగిలిపోయిన దుప్పటి తీసింది. రెండు కొసలు తను పట్టుకుని, మిగతా రెండూ కూతురి వైపు చాపింది.

"పట్టుకో. ఒక్కదాన్నే చెయ్యలేకపోతున్నాను."

ఇద్దరూ దూరంగా జరిగి, దుప్పటి గట్టిగా లాగి దులిపారు. ఎదురెదురుగా నడిచొచ్చారు. కూతురు తన కొసలు తల్లి చేతికి అందించబోయింది. వేళ్లకి వేళ్లు తగిలాయి. తల్లి దుప్పటి కొసలు అందుకోలేదు, ఆ చేతినే పట్టుకుంది. పట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చుకుంది. ఎనిమిది నెలల్లో కూతురికి అంత దగ్గరగా రావడం అదే మొదటిసారి.

"ఏంటే ఈ వాసన?"

"పొద్దున తలుపుకి వేశాగా, నాన్న నూనె. ఆ డబ్బా కారుతోంది," అంది కూతురు, తప్పు చేసినదానిలా చెయ్యి వెనక్కి లాక్కోబోతూ. "రెండుసార్లు సబ్బు పెట్టి కడిగానమ్మా. పోవట్లేదు."

"పోదు," అంది తల్లి. ఆ చెయ్యి వదల్లేదు, చెంపకేసి నొక్కుకుంది. కళ్లలోంచి నీళ్లు కూతురి వేళ్ల మీదుగా కారి దుప్పటి మీద పడ్డాయి. "ముప్పై ఏళ్లు చూశాను కదే. పోదు."