పోపుల డబ్బా చాటు ఫిరంగులు

ఆ ఉదయం అమీర్‌పేటలో శివరాములు ఇంటి ముంగిట చాప పరిచారు. చాప మీద తక్కెడ, పక్కన ఇంట్లోని ఇత్తడి సామాను. అన్నదమ్ములు వేరు పడుతున్నారు. తూకం వేసి పంచడానికి కులపెద్ద సిద్ధిరాములు వచ్చి కూర్చున్నాడు.

చనిపోయిన తల్లి కమలవ్వ పోపుల డబ్బాను ఆయన చేతిలోకి తీసుకోగానే లోపల ఏదో గలగలమంది. మూత తీశాడు. ఆవాలుండాల్సిన గిన్నెలో ఎర్రకోటు సిపాయిలు, జీలకర్ర గిన్నెలో నీలికోటు వాళ్లు! పాన్‌దాను తెరిస్తే ఆకువక్కలకు బదులు గుర్రపు రౌతులు. టిఫిన్ డబ్బా అరల్లో జెండా పట్టినవాళ్లు, డోలు కొట్టేవాళ్లు. గుంతపొంగనాల పెనంలో గుంతకొకటి చొప్పున ఫిరంగులు.

"గిదేందిరా? మీ ఇంట్ల వంటజేస్తరా, లడాయి జేస్తరా?" అన్నాడు సిద్ధిరాములు.

ఎవరూ నవ్వలేదు. అన్నదమ్ములిద్దరూ దర్జీలు. బేగంపేటలో వాళ్లు యూనిఫారాలు కుట్టిపెట్టిన ఒక తెల్లదొర, తన దేశం వెళ్లిపోతూ ఆ సీసపు బొమ్మలిచ్చి ఆట నేర్పి పోయాడు. బొమ్మలు ఒరుసుకుంటే రంగు పోతుందని, అరలున్న పాత్ర ఏది కనబడినా అన్నదమ్ములు ఎత్తుకుపోయేవారు. ఇంటికి పెద్దకోడలు, శివరాములు భార్య చంద్రావతి మాత్రం మిరియాలను పొట్లంలో కట్టుకుని సణుక్కునేది. సాయంత్రం దుకాణంలో కత్తిరింపుల బల్ల మీద డబ్బాలే కోటలు, మూతలే గుట్టలు. గెడ్డాలొచ్చిన మగాళ్లు చంటిపిల్లల్లా అరుచుకునేవారు. అంత అన్యోన్యంగా ఉన్న ఇల్లు ఒక్క గుడ్డముక్కతో రెండయింది.

రెండో ప్రపంచ యుద్ధం రోజులు, బట్టకు సర్కారు కంట్రోలు. మిలిటరీ వాళ్లిచ్చిన ఖాకీ తానులో ఒక ముక్క తక్కువ పడింది. శివరాములు వెతకలేదు, ఆలోచించలేదు, తమ్ముడు అంబదాసే దొంగిలించాడని ఇంటిల్లిపాది ముందు నిలదీశాడు. నోటి దురుసు ఆయనకు మొదటినుంచీ ఉంది. అంబదాస్ ఆ మాట పడలేక పంజాగుట్టలో ఒక గది చూసుకున్నాడు.

"బట్ట నేను ముట్టలేదన్నా," అన్నాడు అంబదాస్ చాప అవతలి నుంచి, చివరిసారిగా.

"ముట్టకుంటే రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

అంబదాస్ భార్య చిలకమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. సిద్ధిరాములు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "జర ఆగుండ్రి. గీ బొమ్మలేం జెయ్యాలె?" అన్నాడు.

"అన్ననే ఉంచుకోనియ్యి మామా. నాకొద్దు."

"ఒకని ధర్మం నాకక్కర్లేదు. అవి సుత సగం సగం పంచు."

పెద్దాయన న్యాయంగానే పంచాడు. ఎరుపులో సగం, నీలంలో సగం చెరొక వైపు పోశాడు. పాన్‌దాను, టిఫిన్ డబ్బా తమ్ముడికి, పోపుల డబ్బా, పెనం అన్నకు వచ్చాయి. శివరాములు తన వాటా బొమ్మల్ని ఒక బిస్కెట్ల డబ్బాలో కుప్పగా పోసి అటక మీదికి తోశాడు.

చంద్రావతికి ఇన్నాళ్లకు పోపుల డబ్బా దక్కింది. కడిగింది, ఎండబెట్టింది, నింపుకుంది. కానీ పోపు పెట్టిన ప్రతిసారీ ఎందుకో ఆమెకు ఏడుపు వచ్చేది. మొగుడితో మాటలు తగ్గించేసింది. అన్నం పెట్టడం, పక్కకు తిరిగి నిలబడటం, అంతే.

నెలలు గడిచాయి. ఒక శుక్రవారం, దుకాణం మూసే రోజు, శివరాములుకు పొద్దు పోలేదు. అటక మీది డబ్బా దించాడు. వంటింటి గడప దగ్గర నిలబడి, "ఆ పోపుల డబ్బా జర ఇస్తవా?" అని అడిగాడు. ఎప్పుడూ అడిగి ఎరగడు, ఎత్తుకుపోవడమే. చంద్రావతి చేతిలో గరిటె ఆగింది. పక్కకు తిరిగే ఆవాలు, మెంతులు కాగితాల్లో పొట్లాలు కట్టి డబ్బా ఖాళీ చేసి ఇచ్చింది.

దుకాణంలో బల్ల మీద రెండు సైన్యాలూ నిలబెట్టాడు. తన ఫిరంగుల్ని ఎప్పటిలాగే పోపుల డబ్బా చాటున దాచాడు. ఆ ఎత్తుతోనే ఏళ్ల తరబడి గెలిచాడు మరి. తన వంతు ఆడాక, తమ్ముడి వంతు ఆడటానికి బల్ల చుట్టూ తిరిగి వాడి పీట మీద కూర్చున్నాడు.

కూర్చుని తల ఎత్తేసరికి ఎదురుగా నిలువుటద్దం. బట్టలు తొడుక్కుని చూసుకునేవాళ్ల కోసం తన పీట వెనక గోడకు తనే తగిలించిన అద్దం. అందులో పోపుల డబ్బా వెనుక భాగం, దాని చాటున దాచిన ఫిరంగులు, ఒక్కటి కూడా తప్పకుండా కనిపిస్తున్నాయి.

ఇన్నేళ్లూ తమ్ముడికి ఇవన్నీ కనబడుతూనే ఉన్నాయి. అవి చూడకూడదనే కాబోలు, తల వంచుకుని ఆడేవాడు. "తలకాయ లేపి చూడరా, మొద్దూ!" అని తనెన్నిసార్లు ఎగతాళి చేశాడో!

ఆటలో కళ్లెదురుగా ఉన్నదాన్ని కూడా చూడనివాడు, అన్న సొమ్ము ముట్టుకుంటాడా?

బొమ్మలు అలాగే వదిలేసి పంజాగుట్ట దారి పట్టాడు. చెప్పులు తొడుక్కోలేదన్న సంగతి కూడా తెలియలేదు.

అంబదాస్ గుమ్మంలోనే మిషను వేసుకుని కుడుతున్నాడు. అన్నను చూసి చెయ్యి ఆపాడు, లేవలేదు.

"అద్దంల నా ఫిరంగులు కనబడేటివి గదరా?"

తమ్ముడు సూది కింది గుడ్డను పక్కకు లాగాడు. "కనబడేటివి."

"మరెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు పీట మారేటోనివి. నువ్వు గెల్చిన దినం ఇల్లంత నిండేటట్టు నవ్వేటోనివన్నా. అది పోతదని..." ఆ తర్వాత ఆశగా అడిగాడు, "బట్ట దొరికిందా?"

"దొరకలేదురా."

అంబదాస్ ముఖం వాడిపోయింది.

"దొరకలే. ఇగ దొరకకున్నా సరే. నువ్వు తియ్యలే తమ్మీ. నా నోరు పడిపోను, నిన్నెట్ల అన్ననో..." శివరాములు గడప మీదే కూలబడ్డాడు.

"గీ ఒక్క మాట ఆ దినం అంటే సరిపోతుండె గదన్నా," అన్నాడు అంబదాస్. గొంతులో కోపం లేదు, అందుకే ఆ మాట మరింత కోసింది.

"సిద్ధిరాములు మామను పిలుస్త. నలుగుట్ల అన్న మాట నలుగుట్లనే వాపస్ తీస్కుంట."

"మామ సంగతి తర్వాత. ముందుగాల వదినెకు చెప్పు. నేను సామాను ఎత్తుకుంటుంటే నా మొకం దిక్కు సుత చూడలే ఆమె. నన్ను దొంగ అనుకున్నదని రోజూ ఏడుస్తున్ననన్నా."

శివరాములు తమ్ముడి చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నాడు. ఇన్ని నెలలూ తన భార్య ఎందుకు పక్కకు తిరిగి నిలబడిందో ఆయనకు అప్పుడు తెలిసింది.

"నిన్ను దొంగ అనుకోలేదురా," అన్నాడు వెక్కుతూ. "నేనన్న మాటకు ఆమె సిగ్గుపడ్డది. గందుకే ఆ దినం సంది నా మొకం సుత చూస్తలేదు."