రెండు గ్రాములంటే నమ్మలేదు

నా కోపం సంగతి ముందే చెప్పేస్తాను. అది ఎప్పుడూ నా ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు ఉదయం మాత్రం అది నాకంటే నాలుగడుగులు ముందు నడిచింది. వాన పడుతున్నా గొడుగు తీసుకోనివ్వకుండా నన్ను ఆ కుకీల షాపుకి లాక్కెళ్లింది.

షాపంటే పెద్దదేం కాదు. పళ్ల డాక్టరు క్లినిక్ కింద ఒక గది, ముందు గాజు కౌంటరు, వెనక ఓవెన్. కౌంటరు పక్కన కుర్చీలో ఒక పెద్దాయన విరిగిన కుకీ ముక్కలు ఏరుకుని తింటున్నాడు. ఓవెన్ దగ్గర ఒకమ్మాయి ట్రే బయటికి తీస్తోంది. ఆమె నుదుటి మీద కోకో మరక ఉంది. నేను సగం ఖాళీ అయిన డబ్బాని కౌంటరు మీద పెట్టి మొదలుపెట్టాను.

"డయాబెటిస్ ఉన్నవాళ్లు తినొచ్చని రాసి అమ్ముతారా? నిన్న సాయంత్రం ఇవి తిని మా చెల్లెలు పడిపోయింది. పంతొమ్మిదేళ్ల పిల్ల. ఏమన్నా అయ్యుంటే ఎవరు జవాబు చెప్తారు?"

ఆమె ట్రే కింద పెట్టి, ఇప్పుడెలా ఉందని అడిగింది. బాగానే ఉందన్నాను. షుగర్ ఎంతకి పెరిగిందని అడిగింది. పెరగలేదు, నలభై ఎనిమిదికి పడిపోయింది అన్నాను, ఇంకా గట్టిగా.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. తడిసిన చొక్కా, బురద చెప్పులు, ఏదీ వదల్లేదు.

"కుకీ తింటే షుగర్ పడిపోదండీ. ఇన్సులిన్ ఎక్కువైతే పడిపోతుంది. ఎంత వేశారు?"

నేను డబ్బాని నా వైపు లాక్కున్నాను.

మా చెల్లెల్ని ఇంట్లో అందరం పిడుగు అంటాం. దానికి ఎనిమిదో ఏటి నుంచి టైప్ వన్ డయాబెటిస్. ఏం తిన్నా అందులో పిండిపదార్థం ఎన్ని గ్రాములో లెక్కేసి, దానికి తగ్గ ఇన్సులిన్ వేసుకోవాలి. ఆ లెక్క మొదటి నుంచీ నాది. నేను తూకం మెషిన్లు రిపేరు చేసేవాణ్ణి, గ్రాము అటూ ఇటూ అయితే నాకు నిద్ర పట్టదు. ఇలాంటి పిల్లలున్న నాలుగు వందల కుటుంబాలకి ఫోన్లో ఒక గ్రూపు ఉంది. ఏ తిండిలో ఎన్ని గ్రాములో అక్కడ అందరూ నన్నే అడుగుతారు. నేను చెప్పిన అంకె పదకొండేళ్లలో ఒక్కసారి కూడా తప్పలేదని నాకు లోలోపల గర్వం.

నిన్న పిడుగు ఈ డబ్బా కొనుక్కొచ్చింది. ఒక్కో కుకీలో రెండు గ్రాములని దాని మీద రాసి ఉంది. నేనొకటి కొరికాను. బయట కరకరమంది, లోపల మెత్తగా ఉంది, చాక్లెట్ నాలుక మీద నెమ్మదిగా కరిగింది. ఇంత రుచిగా ఉన్నదానిలో రెండు గ్రాములేంటి, పచ్చి అబద్ధం అనుకున్నాను. మామూలు చాక్లెట్ కుకీ లెక్కే వేయమన్నాను. ఒక్కోదానికి ఇరవై, మూడింటికి అరవై. డబ్బా మీద రెండే అని రాశారు కదా అన్నయ్యా అంది పిడుగు. వాళ్లు ఏదైనా రాస్తారు, నువ్వు నమ్మేస్తావా అని కసిరాను. గంట తిరక్కుండా అది చెమటలు పట్టి, చేతులు వణుకుతూ సోఫాలో వాలిపోయింది. పళ్లరసం తాగించాను. అది తేరుకునేదాకా నా ప్రాణాలు నా దగ్గర లేవు.

అంత లెక్క తెలిసినవాడికి, షుగర్ పడిపోయిందంటే డబ్బా మీద రాసింది నిజమేనని తట్టాలి. తట్టలేదు. కోపం వస్తే నాకు లెక్కలు రావు. ఆ ఊపులోనే గ్రూపులో రాసిపారేశాను. డబ్బా మీద ఉన్నది అబద్ధం, ఇవి తిని మా చెల్లెలు పడిపోయింది, ఎవరూ కొనొద్దు అని.

ఇదంతా నేను నీళ్లు నములుతూ చెప్పాను. ఆమె ఒక్కో ముక్కా బయటికి లాగింది.

"అంటే," అంది, "నా కుకీలో నిజంగా రెండు గ్రాములే ఉన్నాయని మీరే రుజువు చేశారు. చేసి, పొద్దున్నే వచ్చి నన్నే తిడుతున్నారు."

కుర్చీలో పెద్దాయనకి నవ్వాగక పొలమారింది. ఆయన ఆమె తండ్రి, రిటైరైన బస్సు కండక్టరు. ఆమె మాత్రం నవ్వలేదు. తెల్లారినప్పటి నుంచి పదకొండు ఆర్డర్లు వద్దన్నారట. వారం వారం తీసుకునే పిల్లల ఆసుపత్రి క్యాంటీన్ కూడా మానేసింది. ఎందుకో ఎవరూ చెప్పలేదట. ఆ రుచి రావడానికి ఏడాదిన్నర పట్టింది, రుచిగా ఉందని శిక్ష వేసింది మీరొక్కరే అంది.

సరిచేస్తాలెండి అని గొణిగి బయటపడ్డాను. తప్పు నాదని తెలిసిపోయింది. తెలిశాక కోపం తగ్గాలి కదా, నాకు రెట్టింపైంది.

మధ్యాహ్నం తలుపు తీస్తే ఎదురుగా ఆమె. నన్ను చూడ్డానికి రాలేదు, పిడుగుని చూడ్డానికొచ్చింది. కొన్నప్పుడు షాపు పుస్తకంలో పిడుగు తన అడ్రసు రాసిందట. ఇద్దరూ పది నిమిషాల్లో పదేళ్ల స్నేహితుల్లా అయిపోయారు. నేను టీ పెట్టి తెచ్చేసరికి నా చెల్లెలి మొహం ఎర్రగా ఉంది. గ్రూపులో నేను రాసింది అప్పుడే చదివింది.

"డబ్బా మీద చదివింది నేను. సూది గుచ్చుకుంది నేను. పడిపోయింది నేను. గ్రూపులో మాత్రం హీరో నువ్వు," అంది పిడుగు. "నా నోట్లోకి వెళ్లేదాన్ని నువ్వు నమ్మితేనే నేను నమ్మాలా, అన్నయ్యా?"

టీ చల్లారిపోయేదాకా ఇద్దరూ నన్ను దులిపేశారు. చివరికి బేకరమ్మాయి అడిగింది ఒక్కటే. జరిగింది జరిగినట్టు గ్రూపులో రాయాలి. నా డబ్బాలు ఇంకా చాలా ఇళ్లలో ఉన్నాయి, మీలాంటి అన్నయ్య ఇంకొకడుంటే ఏమవుతుంది అంది. చేసేది కళ్లారా చూసి, తూకం వేసి, అప్పుడు రాస్తానన్నాను. గడువు కోసం అన్నానని ఆమెకీ తెలుసు. రేపు ఆరింటికి రండి, ఆలస్యమైతే ఓవెన్ ఆగదు అంది.

మర్నాడు ఆరింటికి నా తూకపు రాళ్ల పెట్టెతో వెళ్లాను. ఆమె తూకం మెషిన్ తప్పు చూపిస్తే ఎంత బాగుండునో అనుకుంటూ వెళ్లాను. గ్రాము కూడా తేడా రాలేదు. చాలా చికాకేసింది.

బాదం పొడి, వెన్న, గుడ్లు, కోకో, చక్కెర బదులు వేసే తీపి పొడి. ఒక్కోటీ నేనే తూచాను, ప్యాకెట్ల మీద అంకెలు నేనే చదివాను. ముప్ఫై కుకీలు వచ్చాయి. మొత్తం పిండిపదార్థం అరవై గ్రాములు, అంటే ఒక్కోదానికి రెండు. మళ్లీ చేశాను, అరవయ్యే. గోధుమ పిండి లేదు కాబట్టి వేడి మీద ముట్టుకుంటే విరిగిపోతాయని ఆమె చెప్పింది. నేను ముట్టుకున్నాను, రెండు విరిగాయి. పెద్దాయన సంతోషంగా చెయ్యి చాపాడు.

ఆయనకీ షుగరే. చెప్పుల స్టాండు వెనక బిస్కెట్ ప్యాకెట్లు దాచుకుని తినేవాడట. ఒకరోజు ఆమె పట్టుకుని, తిట్టీ తిట్టీ ఏడ్చి, ఆ వారమే ఈ కుకీలు మొదలుపెట్టిందట. ఈ సంగతి ఆయనే చెప్పాడు, కొంచెం గొప్పగా.

లెక్క మొదటి రోజే తేలిపోయింది. అయినా నాలుగు రోజులు వెళ్లాను. రోజూ ఏదో ఒక అనుమానం మోసుకెళ్లేవాణ్ణి. ఆమె రోజూ దాన్ని నా నెత్తి మీదే కొట్టేది. గాజు మీద వాన జారుతుంటే, ఆమె పెదాలు బిగించి పిండి ఉండల్ని అరచేత్తో అదుముతుంటే, నేను లెక్క రాసుకుంటున్నట్టు నటించేవాణ్ణి. కాగితం మీద అరవై, అరవై, అరవై అనే ఉండేది. ఒకసారి ఆమె అది చూసేసింది. మొహం అటు తిప్పుకుంది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. కోపంతోనేనని నాకు నేను చెప్పుకున్నాను.

ఐదో రోజు గ్రూపులో రాశాను. "పొరపాటు జరిగింది. ఆ కుకీలు బాగానే ఉన్నాయి, అందరూ కొనొచ్చు." రాసి, పరీక్ష పాసైనవాడిలా ఫోన్ తీసుకెళ్లి ఆమెకి చూపించాను.

ఆమె రెండుసార్లు చదివింది.

"పొరపాటు జరిగిందా? దానంతటదే జరిగిందా? ఎవరు చేశారు, ఏం చేశారు, ఎన్ని గ్రాములు, ఒక్క మాటైనా ఉందా ఇందులో?" ఫోన్ కౌంటరు మీద పెట్టింది. "బాగున్నాయని రాయమని నేనడిగానా? నాలుగు రోజులు నా వంటగదిలో నిలబడి చివరికి మీ పరువు తూచుకున్నారు."

ఆర్డర్లు తిరిగొస్తాయి కదా అన్నాను. అనకుండా ఉండాల్సింది. ఆమె నా తూకపు రాళ్ల పెట్టె తెచ్చి చేతిలో పెట్టి, ఇంక రాకండి అంది. పెద్దాయన కూడా తల దించుకున్నాడు.

రెండు రోజులు అందరి మీదా మండిపడ్డాను. ఆమె మీద, పిడుగు మీద, మరమ్మతుకొచ్చిన ప్రతి మెషిన్ మీద. నాలుగు వందల ఇళ్లలో నా మాటకున్న విలువ పదకొండేళ్ల కష్టం. దాన్ని ఒక కుకీ కోసం పోగొట్టుకోవాలా అని వాదించుకున్నాను. వాదించుకున్న ప్రతిసారీ నేనే ఓడిపోయాను.

మూడో రోజు మధ్యాహ్నం గ్రూపులో ఒక నాన్న అడిగాడు. మా ఆరేళ్ల పాప ఆ షాపు కుకీలు రెండు తినేసింది, ఎన్ని గ్రాములు లెక్కెయ్యాలి? వెంటనే ఒకావిడ జవాబిచ్చింది. మన తూకాలాయన డబ్బా మీదది అబద్ధమన్నారు కదా, ఎందుకైనా మంచిది, మామూలు కుకీ లెక్కే వేయండి.

చదవగానే ఆ నాన్నకి ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తాడు.

"వేశారా?"

"చేతిలోనే ఉందండీ, ఇప్పుడే వెయ్యబోతున్నా."

"వద్దు. కింద పెట్టండి. రెండూ కలిపి నాలుగు గ్రాములే. తప్పు చెప్పింది నేను."

ఆయన ఏమన్నాడో నాకు గుర్తులేదు. బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నా చెల్లెలు పడిపోయినప్పుడు కూడా నేను ఏడవలేదు. తర్వాత లేచి అంతా రాశాను. డబ్బా మీదున్నది నిజం. రుచిగా ఉందని నేనే నమ్మలేదు. పదింతల లెక్క నేనే చెప్పాను. వద్దన్న చెల్లెల్ని కసిరింది నేనే. తెలిశాక కూడా వారం రోజులు దాచింది నేనే. ఇవాళ నా మాట వల్ల ఒక పాపకి నలభై గ్రాములకి సరిపడా ఇన్సులిన్ పడబోయింది. ఇకపై లెక్కల కోసం నన్ను అడగకండి.

గ్రూపు నన్ను కడిగేసింది. వందకు పైగా మెసేజులు. ఒకాయన నన్ను గ్రూపులోంచి తీసేయమన్నాడు, ఇంకొకావిడ పోలీసులన్నది. ఒక్కటీ అబద్ధం కాదు కాబట్టి అన్నీ చదివాను. పిడుగు నా పక్కన వచ్చి కూర్చుని, నా భుజం మీద తల పెట్టింది. వారం తర్వాత మొదటిసారి.

సాయంత్రం పిడుగు తన ఫోన్ నా మొహం ముందు పెట్టింది. బేకరమ్మాయిని తనే గ్రూపులో చేర్చిందట. ఆమె రాసిన మొదటి మెసేజు అక్కడుంది.

"కుకీలు చేసేది నేనే. ఈయన వల్ల నష్టపోయింది నేనే. ఇంతమంది ముందు తన తప్పు తాను రాసుకున్న మనిషిని మూకుమ్మడిగా తిట్టక్కర్లేదు. ఆయన్ని తిట్టే పని నాది. అది నేను బాగానే చేస్తున్నాను. మీరు ఆపండి."

దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు.

మర్నాడు ఉదయం మళ్లీ వాన. మళ్లీ గొడుగు మర్చిపోయాను. షాపులో ఆమె అటు తిరిగి గిన్నెలు కడుగుతోంది. గిన్నెల చప్పుడు వీధి చివరికి వినిపిస్తోంది.

"నేను రావొద్దన్నాను," అంది తిరక్కుండానే.

గ్రూపులో వేరేలా రాశారు కదా అన్నాను. అది వాళ్ల మీద కోపంతో రాశానంది. మరి నా మీద కోపం పోయిందా అని అడిగాను.

"నీ మీద చాలా ఉంది."

నువ్వు అని ఆమె అనడం అదే మొదలు. పెద్దాయన తింటున్న ముక్క పక్కన పెట్టి గొంతు సవరించుకున్నాడు.

"ఇన్నాళ్లూ ఈ తిట్లన్నీ నేనొక్కణ్ణే తిన్నాను బాబూ. సగం పంచుకునేవాడు దొరికితే నాకేం అభ్యంతరం లేదు," అని చెప్పి, వానలోనే పేపరు కొనుక్కొస్తానని వెళ్లిపోయాడు.

ఇద్దరం మిగిలాం. నాకు డొంకతిరుగుడుగా మాట్లాడటం చేతకాదు.

"మీరంటే నాకు ఇష్టం," అన్నాను. "క్షమించమని అడగను. ఆ పాప గురించి తల్చుకుంటే నన్ను నేనే క్షమించుకోలేకపోతున్నాను."

కుళాయి కట్టేసి ఇటు తిరిగింది. కళ్లలో నీళ్లున్నాయి, కళ్లు మాత్రం ఉరుముతూనే ఉన్నాయి.

"ఆ మొదటి రోజే నిజం రాసుంటే ఆ పాప దాకా వచ్చేదా? ఈ మూడు రోజులు నువ్వు రాలేదని ఆరింటికి తలుపు వైపు చూశాను. అలా చూసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. నువ్వంటే నాకూ ఇష్టమే. దానికి నాకెంత కోపంగా ఉందో నీకేం తెలుసు?"

తెలీదు, చెప్పు అన్నాను. కుర్చీ లాక్కుని, మొత్తం వినడానికి కూర్చున్నాను.