ఖాళీ ట్రే మీద ఊదారంగు

మార్ఫిన్ ఫ్యాక్టరీ పెద్ద కెమిస్టును ఉదయం పదింటికి ఆయన గదిలోనే కాల్చి చంపారు. మధ్యాహ్నం మూడింటికి గూఢచారి శాఖ చీఫ్ తన ఏజెంటును పిలిచాడు. కూర్చోమని కూడా అనలేదు.

విదేశీ ముఠా ఒకటి ఆస్పత్రి ఇంజెక్షన్లు మార్చేసిందని సమాచారం. గసగసాల కాయ పాల నుంచి తీసే మార్ఫిన్‌కు బదులు విషముష్టి గింజల స్ట్రిక్నిన్. రెండూ మొక్కల ఆల్కలాయిడ్లే. ఒకటి నొప్పి తీస్తుంది, రెండోది ప్రాణం తీస్తుంది. నాలుగింటికి క్యాన్సర్ వార్డులో నలభై మందికి ఇంజెక్షన్. వార్త అబద్ధమైతే, మంచి మందు ఆపి వాళ్లను ఊరికే అల్లాడించినట్టే. ఆలోగా ఏజెంటు వెళ్లి మందును పరీక్షించి తేల్చాలి.

"ఒకటో నంబర్ మంచం మీద మీ అక్క ఉంది," అన్నాడు చీఫ్. "చెయ్యి వణికేటట్టుంటే ఇప్పుడే చెప్పు."

"వణకదు సార్."

మన తరఫున ముఠాలో చేరిన గులాబి కారులో ఎదురుచూస్తోంది. అందం ఎంతుందో పొగరూ అంతే ఉంది. ఆమె ఒక పెన్ను ఇచ్చింది. అందులో మందును గుర్తుపట్టే రసాయనం, రీయేజెంట్ ఉందట. మార్ఫిన్ తగిలితే ఊదారంగుకు తిరుగుతుంది, స్ట్రిక్నిన్‌కు తిరగదు.

పెట్టుడు గడ్డంతో, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ వేషంలో ఏజెంటు వార్డుకు వెళ్తే హెడ్ నర్సు పురుగును చూసినట్టు చూసింది. అక్క కళ్లు మూసుకుని, పళ్లు బిగబట్టి మూలుగుతోంది. ఆ మూలుగు వినలేక అతను గబగబా గాజు ఆంప్యూల్ మెడ విరిచి, మందు చుక్క మీద పెన్ను నొక్కాడు. ఊదారంగు. అసలు మందేనని చెప్పాడు. నర్సు సిరంజి నింపింది.

అప్పుడు గుర్తొచ్చింది. చచ్చిపోయిన కెమిస్టే అతనికి ట్రైనింగ్ ఇచ్చాడు. ఏ పరీక్షకైనా ముందు, మందు లేకుండానే రంగు వస్తోందేమో ఖాళీ పళ్లెం మీద రీయేజెంట్ చుక్క వేసి చూడాలనేవాడు. మరిచినప్పుడల్లా స్కేలుతో వేళ్ల మీద కొట్టేవాడు. ఇతను అదే మరిచాడు. ఖాళీ ట్రే మీద పెన్ను నొక్కాడు.

అక్కడా ఊదారంగే. పెన్నులో ఉన్నవి ఉత్త రంగునీళ్లు.

సూది అక్క చర్మాన్ని తాకుతుండగా సిరంజి లాక్కున్నాడు. వెనకే వచ్చిన గులాబి గుమ్మంలో పిస్తోలు ఎత్తింది.

"పక్కకు జరుగు. పొద్దున చచ్చిన ఆ కెమిస్టు ముసలాడి చాదస్తం నీకూ అంటిందా?"

హెడ్ నర్సు విసిరిన స్టీలు ట్రే ఆమె నుదుటికి తగిలింది. గులాబి కుప్పకూలింది. అమ్ముకుందామని దాచిన అసలు మందు ఆమె కారు డిక్కీలోనే దొరికింది. ఈసారి ఆస్పత్రి ల్యాబు రీయేజెంట్‌తో, ముందు ఖాళీ పళ్లెం మీద వేసి చూసి, పద్ధతిగా పరీక్షించాకే నర్సుకు ఇచ్చాడు.

గడ్డం పీకేసి మంచం పక్కన కూర్చునేసరికి అక్క కళ్లు తెరిచింది. తమ్ముడి ఉద్యోగం ఏమిటో ఆమెకు తెలియదు.

"ముప్పావుగంట లేటు చేశారు రా," అంది. "ఎవడో పనికిమాలిన ఇన్‌స్పెక్టరట. వాడి మీద కంప్లయింటు రాయి."

"రాస్తానక్కా," అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు.