మరియు ఇతరులు

"ఊదుబత్తి పది నలభైకి వెలుగుతుంది."

మైత్రీవనంలో కోచింగ్ సెంటర్ బోర్డు చాటున నడిచే సీక్రెట్ ఆఫీసు అది. పట్టుబడ్డ ఆ మెసేజ్ చదివి, చీఫ్ ఛాయాదేవి వాచీ చూసింది. తొమ్మిదిన్నర.

"ఊదుబత్తి అంటే క్రయోజెనిక్ ఇంజన్. బయటి దేశం ఇవ్వనంటే మనవాళ్లు ఏళ్లకేళ్లు తంటాలుపడి చేసుకున్నది. దాని పంపులో ఇంధనం కారకుండా ఆపే సీలు డ్రాయింగ్ ఇవాళ చేతులు మారుతోంది. ఎక్కడ, చంద్రికా?"

చంద్రిక విదేశీ ముఠాలో మనవాళ్లు నాటిన ఏజెంట్. నల్లకళ్లద్దాలు నెత్తిమీదికి తోసి, "సనత్‌నగర్ షెడ్లలో, మేడం" అంది.

"వంశీధర్, నువ్వెళ్లు."

వంశీధర్‌కు పెన్ కెమెరా, బటన్ మైకు, కొత్త బైకు. "జాగ్రత్త వంశీ" అంటూ చంద్రిక అతని కాలర్ సర్దింది.

పక్కనే నిలబడ్డ ఇంకో ఏజెంట్ ఓదెలు కుళ్లుకుంటూ ముందుకొచ్చాడు. "మరి నాకు, మేడం?"

"చలపతిరావు గారని రిటైర్డ్ సైంటిస్టు, మన రాకెట్ల చరిత్ర రాశారు. కింద డీటీపీ షాపులో ప్రూఫులున్నాయి. సీక్రెట్లేమైనా దొర్లాయేమో చూడు."

పన్నెండేళ్ల సర్వీసుకు దక్కింది కాగితాలు తిప్పే పని! మెట్లు దిగుతూ పళ్లు నూరాడు ఓదెలు. పోయినేడు మెడల్ లిస్టులో కూడా 'వంశీధర్ మరియు ఇతరులు' అనే వేశారు. మురుగుకాల్వలో మూడు రోజులు నక్కిన ఇతరుడు తనే.

షాపులో కూర్చుని ప్రూఫులు తిప్పాడు. రాకెట్ ముక్కును సైకిల్ మీద మోసిన ఫోటో, ఎడ్లబండి మీద ఉపగ్రహం, ఆ తర్వాత క్రయోజెనిక్ టీమ్. ఫోటోలో ఐదుగురు, కింద నాలుగు పేర్లు. చివర 'మరియు ఇతరులు'. ఆ మాట కింద ఎర్రపెన్నుతో గీసిన గీతకు కాగితం చిరిగింది.

ఓదెలు ఆ చిరుగు మీద వేలు పెట్టాడు. మెడల్ లిస్టును తనూ అచ్చం ఇలాగే చింపాడు.

"మంగవ్వక్కా, గిది ఎవరు గీసిండ్రు?"

షాపామె కంప్యూటర్ మీంచి తలెత్తింది. "ప్రూఫులు దిద్దే హనుమత్ప్రసాద్ సారు. గా ఐదో ఆయననే. సీలు గీసింది నేనే గదమ్మా అని ఒకటే బాధ. జరంతసేపయింది, పంజగుట్ట మెట్రోకు పోయిండు."

ఇవాళ చేతులు మారేది ఆ సీలు డ్రాయింగే! ఓదెలు ఉరికాడు.

పది ముప్పై తొమ్మిది. పంజగుట్ట ప్లాట్‌ఫాం. ముసలాయన చేతిలో కవరు. ఎదురుగా చెయ్యి చాచి చంద్రిక! సనత్‌నగర్ ఒట్టి బూటకం. ఆమె రెండు వైపులా తింటోంది. రైలు వచ్చి ఆగింది.

పరుగెత్తి లాక్కునేంత దగ్గర లేదు. ఓదెలు గొంతెత్తి అరిచాడు. "హనుమత్ప్రసాద్ సార్! రేపు గాళ్ల రాకెట్ లేస్తే, సీలు గీసింది మీరేనని రాస్తరా? ఆడ 'ఇతరులు' అని సుత వెయ్యరు!"

ముసలాయన చెయ్యి గాల్లోనే ఆగింది. "నా పేరు... వెయ్యరా అమ్మా?"

"ఇవ్వండి ముందు!" చంద్రిక కవరు అంచు పట్టుకుంది. ఆయన వదల్లేదు. "నా సీలు! ఎవడికీ ఇవ్వను!"

రైలు తలుపులు మూసుకున్నాయి. అప్పటికి ఓదెలు ఆమె మణికట్టు పట్టేశాడు.

ఛాయాదేవి ఫోనందుకుని వంశీధర్ రొప్పుతూ వచ్చేసరికి ఇద్దరి చేతులకూ బేడీలున్నాయి. "అన్నా, ఆ ముసలాయన్ని ఎలా కనిపెట్టావ్? ఈ టెక్నిక్ ట్రైనింగ్‌లో లేదే!"

"ట్రైనింగ్‌ల ఏడ దొరుకుతది తమ్మీ" అన్నాడు ఓదెలు. "రోజూ నిన్ను సూస్తుంటే అదే ఒస్తది."