మూడు దెబ్బలు, ఒక గాటు

తోలు సంచుల షాపు వెనకగదిలో శవం వెల్లకిలా పడి ఉంది. తల కుడిపక్క లోపలికి దిగిపోయింది. కింద పరిచిన తోళ్లు నెత్తుట్లో నానిపోయాయి.

ఇన్‌స్పెక్టర్ వంగి చూసింది. పుర్రె మూడు చోట్ల పగిలింది. పక్కనే ఇనుప సుత్తి. పిడి మీద రక్తంతో చేతిముద్ర. నాలుగు వేళ్లూ బొటనవేలూ గట్టిగా బిగించిన ముద్ర. ఎడమ చెయ్యి.

శవం కుడిచేతి దగ్గర తోలు కోసే కత్తి.

“కేసు తేలికే మేడమ్,” అన్నాడు హెడ్ కానిస్టేబుల్. “పోయినవాడు అన్న. కొట్టింది తమ్ముడు. అన్నే ముందు కత్తి దూశాడట.”

“చూసినవాళ్లు?”

“ఎవరూ లేరు. పనివాళ్లంతా భోజనాలకి వెళ్లారు.”

హాస్పిటల్లో తమ్ముడు మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ మోచేతికి కాస్త పైన, బయటివైపు కట్టు.

“ముందు ఏం జరిగింది?”

“అన్నయ్య కత్తి తీశాడు. చెయ్యి అడ్డం పెట్టాను. ఇక్కడ తెగింది.”

“తర్వాత?”

“అందిన సుత్తి తీసుకున్నాను.”

“ఏ చేత్తో?”

“ఎడమచేత్తోనే. నాది పుట్టుకతో ఎడమచేతివాటం.”

“ఎన్ని దెబ్బలు?”

“మూడు. మొదటిదానికే కూలిపోయాడు. లేస్తాడేమోనన్న భయంతో ఇంకో రెండు కొట్టాను.”

మాట ఎక్కడా తడబడలేదు. నర్సు మంచినీళ్లు ఇచ్చింది. అతను అలవాటుగా ఎడమచెయ్యి చాచాడు. మణికట్టు లేవలేదు. చెయ్యి తడిగుడ్డలా వేలాడింది. గ్లాసు జారి పగిలింది.

“కట్టు బిగుతైంది,” అన్నాడు.

బయట బెంచీ మీద వాళ్ల నాన్న. ఇన్‌స్పెక్టర్‌ని చూసి లేచాడు.

“మా చిన్నాడికి ప్రాణభయం లేదు కదమ్మా?”

“లేదు. పెద్దబ్బాయిని చూశారా?”

“తమ్ముడి మీద కత్తెత్తినవాణ్ణి ఏం చూడమంటారు?”

వరండా ఆ చివర పెద్దకొడుకు భార్య ఒక్కతే నిలబడి ఉంది. ఇన్‌స్పెక్టర్‌ని చూసి దగ్గరికొచ్చింది.

“షాపులో పనిచేసే పెద్దాయన్ని మా మరిది బెల్టుతో చావబాదాడండీ. ఇంక ఈ గడప తొక్కొద్దని మా ఆయన అందరిముందూ చెప్పారు. పొద్దున్నే. ఆయన కత్తెత్తారంటే నేను నమ్మను. మామయ్య నా మొహం కూడా చూడటం లేదు.”

మర్నాడు నరాల డాక్టరు కరెంటు షాక్‌తో పరీక్షించే మెషిన్ తెప్పించాడు. ఇన్‌స్పెక్టర్ వదినగారిని కూడా లోపలికి పిలిచింది.

“మెడ దగ్గర వెన్నుపాములో కణం ఉంటుంది,” అన్నాడు డాక్టరు, గాయం పైన చర్మానికి జెల్ రాస్తూ. “దాని ఒంట్లోంచి వెంట్రుకకన్నా సన్నని తీగ బయల్దేరి చేతిదాకా వస్తుంది. పైన కొవ్వు తొడుగు. అలాంటి వేల తీగల కట్టే నరం. చెయ్యి ఎత్తాలనుకోగానే తీగ గోడలో తలుపులు తెరుచుకుంటాయి, సోడియం లోపలికి దూకుతుంది. ఆ కుదుపుకి తర్వాతి తలుపులు తెరుచుకుంటాయి. కరెంటు అలా కిందికి పరుగెత్తుతుంది.”

గాయానికి పైన షాక్ ఇచ్చాడు. తమ్ముడు పళ్లు బిగించాడు. మణికట్టు కదల్లేదు. ఇంకా పెంచాడు. అతను కేక పెట్టాడు. చెయ్యి వేలాడుతూనే ఉంది.

గాయానికి కింద ఇచ్చాడు.

చెయ్యి ఎగిరి నిలబడింది. తమ్ముడు దాన్ని ఎవరి చెయ్యో చూసినట్టు చూశాడు.

“నరం కింది ముక్కలో ఇంకా జీవం ఉంది. నాలుగైదు రోజులు ఉంటుంది,” అన్నాడు డాక్టరు. “పైనుంచి కబురే అందటం లేదు. స్కాన్‌లో తెగిన కొసలు రెండూ విడివిడిగా కనిపించాయి.”

“తెగాక ఎంతసేపటికి చెయ్యి పడిపోతుంది?” అడిగింది ఇన్‌స్పెక్టర్.

“సేపేం పట్టదు. అప్పటికప్పుడే.”

“ఆ చేత్తో సుత్తి పట్టి పుర్రె పగలగొట్టగలరా?”

“మణికట్టు నిలబడకపోతే పిడికిలి బిగియదు. ఎత్తగానే జారిపోతుంది.”

ఇన్‌స్పెక్టర్ మంచం దగ్గరికి జరిగింది.

“సుత్తి పిడి మీద నీ ఎడమ పిడికిలి గట్టిగా బిగిసింది. అప్పటికి నీ నరం తెగలేదు. గాటు తర్వాత పడింది. మొదటి దెబ్బకే మీ అన్న కూలిపోయాడని నువ్వే చెప్పావు. మరి కోసిందెవరు?”

అతను వేలాడుతున్న చేతిని కుడిచేత్తో ఒళ్లోకి లాక్కున్నాడు.

“మీ అన్నది కుడిచేతివాటం. ఎదురుగా నిలబడి కత్తి ఝళిపిస్తే నీ ఎడమ వైపే తగులుతుంది. అక్కడిదాకా బాగానే ఆలోచించావు. అలవాటు లేని కుడిచేత్తో కోసుకున్నావు. లోతు చూసుకోలేదు.”

“పనివాళ్ల ముందు నన్ను బయటికి పొమ్మన్నాడు,” అన్నాడతను చివరికి. “వెనక్కి తిరిగి మాట్లాడతాడనుకున్నాను. తోలు కోసుకుంటూ కూర్చున్నాడు. పేరు పెట్టి పిలిచాను. తలెత్తాడు. అప్పుడు కొట్టాను.”

వదిన గోడ పట్టుకుంది. ఏడవలేదు.

అతను డాక్టరు వైపు తిరిగాడు. “ఈ చెయ్యి మళ్లీ వస్తుందా?”

“కుడతాం. నరం రోజుకి ఒక మిల్లీమీటరు పెరుగుతుంది. చూడాలి.”

హెడ్ కానిస్టేబుల్ కుడిచేతికి బేడీ వేసి మంచానికి తగిలించాడు.

“మీ మామయ్యగారికి నేను చెప్తాను,” అంది ఇన్‌స్పెక్టర్.

“వద్దండీ. నేనే చెప్పాలి.”

ఇద్దరూ బయటికొచ్చారు. ముసలాయన బెంచీ మీంచి లేచాడు. నిన్నటినుంచీ కోడలి మొహం చూడనివాడు ఇప్పుడు ఆమెనే అడిగాడు.

“వాడి చెయ్యి బాగవుతుందన్నారా అమ్మా?”

ఆమె ఆయన భుజం పట్టుకుంది.

“కూర్చోండి మామయ్యా,” అంది.