తడి ఆకాశం

శవం చెరువులో ఉంది. చెప్పులు గట్టు మీద ఉన్నాయి.

రెండు చెప్పులూ పక్కపక్కనే, మడమలు సమంగా, నీటివైపు తిరిగి ఉన్నాయి. కుడి చెప్పు మీద కళ్ళజోడు మడిచి పెట్టి ఉంది. నాలుగడుగుల వెనక ఈజిల్. దానికి బిగించిన పెద్ద నల్ల గొడుగు. గొడుగు కింద సగం వేసిన బొమ్మ, ఇంకా తడిగానే.

ఉదయం 7.40కి నడకకి వచ్చిన ఒకాయన చూసి ఫోన్ చేశాడు. 8.05కి ఇన్‌స్పెక్టర్ జీపు దిగాడు.

ఆయన్ని స్టేషన్‌లో ముందు సార్ అంటారు, వెనక జిడ్డు అంటారు. పట్టుకుంటే వదలడని. ఆ పేరు ఆయనకీ తెలుసు. తెలిసినట్టు ఎప్పుడూ కనపడడు.

చనిపోయినాయన ఊరందరికీ గొడుగు మాస్టారు. బడిలో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాడు. ఎండైనా మబ్బైనా ఆ గొడుగేసుకుని ఈ గట్టు మీదే నిలబడి, ఎదురుగా కనిపించేది కనిపించినట్టు వేసేవాడు. ఏడాదికోసారి కమ్యూనిటీ హాల్లో ఊరి చిత్రకారుల ప్రదర్శన జరుగుతుంది. ఈసారి ఆయన ఒకే చోటి నుంచి నెలకొకటి చొప్పున వేసిన పన్నెండు బొమ్మలు వరసగా పెట్టబోతున్నారు. ప్రదర్శనకి ఇంక మూడు రోజులే ఉంది.

ఎస్సై కుర్రాడు. పనిలో చురుకు, ముగించడంలో ఇంకా చురుకు.

“సూసైడ్ సార్. క్లియర్. జేబులో కంటి చుక్కల మందు ఉంది. హాస్పిటల్‌కి ఫోన్ చేశాను. ఎడమ కన్ను పోతుందని పోయిన వారమే చెప్పారట. బొమ్మలేసుకునే మనిషికి కన్ను పోతే ఇంకేముంది?”

“రెండోది ఉంది కదా” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఆయన బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. ముక్కు రంగుకి తగిలేంత దగ్గరగా వంగాడు. కింద చెరువు, అవతలి ఒడ్డున నాలుగు ఇళ్ళు, వాటి పెరటి తోటలు. పైన లేత నీలం ఆకాశం. ఆ నీలంలో అక్కడక్కడా చిన్న గుంటలు. ఒక్కో గుంట దగ్గర రంగు కొద్దిగా పైకి లేచి, అడుగున తెల్ల కాన్వాస్ కనిపిస్తోంది.

“ఇవేమిటి?”

“దుమ్ము పడి ఉంటుంది సార్.”

“దుమ్ము పడితే దుమ్ముండాలి. ఇక్కడ ఏమీ లేదు.”

గాలి లేదు. నీళ్ళు కదలడం లేదు. శవాన్ని ఒడ్డుకి చేరుస్తుంటే గొడుగు నీడలో ఆ సగం బొమ్మ అందర్నీ చూస్తున్నట్టుంది.

*

మాస్టారి భార్య వంటగదిలో కింద కూర్చుని ఉంది. ఏడవడం లేదు. ఏడ్చేవాళ్ళకంటే ఏడవనివాళ్ళతో మాట్లాడటం కష్టమని ఇన్‌స్పెక్టర్‌కి అనుభవం. ఆయనా కింద కూర్చున్నాడు.

చెప్పుల సంగతి చెప్పాడు. ఆవిడ తలెత్తింది.

“సమంగా ఉన్నాయా? ఆయన చెప్పులు ఒకటి తూర్పు, ఒకటి పడమర. గడ్డిలో ఉత్త కాళ్ళతో నిలబడి వేస్తారు. వచ్చేటప్పుడు రెండోది వెతుక్కోవడానికే పది నిమిషాలు పడుతుంది.”

“కంటి సంగతి మీకు తెలుసామ్మా?”

“నాకు చెప్పకుండా ఉంటారా? ఒక కన్ను పోతే కిటికీ ఒక రెక్క మూశామనుకో, అన్నారు. అన్నాక అన్నం తిని పడుకున్నారు. బాబూ, ముప్ఫై నాలుగేళ్ళ కాపురం. మాటమాత్రం చెప్పకుండా నన్నొదిలేసి పోయాడని ఊరంతా అంటోంది. పక్కింటావిడ పొద్దున్నే వచ్చి, మీరేమైనా అన్నారా అనడిగింది. నేనేం అన్నానో రాత్రంతా ఏరుకోవాలి ఇప్పుడు. నిజంగా పోవాలనే పోయాడంటే చెప్పేయండి, భరిస్తాను. కాకపోతే అదీ చెప్పండి.”

ఇన్‌స్పెక్టర్ మాటివ్వలేదు. ఇవ్వాలనిపించింది. అందుకే లేచి నిలబడ్డాడు.

లేచాక అలమర తలుపు కనిపించింది. దాని నిండా అరచేయంత అట్టముక్కలు అంటించి ఉన్నాయి. ఒక్కో దాని మీదా అదే చెరువు, అవే నాలుగు ఇళ్ళు. పెద్ద బొమ్మ మొదలుపెట్టే ముందు రంగులు సరిచూసుకోవడానికి మాస్టారు చిన్నది వేసి పారేస్తాడట. ఈవిడ చెత్తబుట్టలోంచి తీసి వరసగా అంటించుకుంటుందట.

ఆయన ఒక అట్టని వేలితో తడిమాడు. గరుకుగా తగిలింది.

“పురుగు బాబూ. నుసుములు. బయట వేస్తే తడి రంగు మీద పడి చస్తాయి.”

“తీసెయ్యరా?”

“తడి మీద తీస్తే రంగు ఊడొస్తుంది. ఎండేదాకా ఆగితే గోటితో గీకగానే రాలిపోతాయి. పురుగు లేని బొమ్మ ఇంట్లో కూర్చుని వేసిందని ఆయన ఎగతాళి.”

ఇన్‌స్పెక్టర్ అట్టలన్నీ ఎస్సై చేత ఫోటోలు తీయించాడు. ఎందుకో ఎస్సైకి అర్థం కాలేదు. అడిగితే జిడ్డు ఇంకా అంటుకుంటుందని ఊరుకున్నాడు.

*

పళ్ళ డాక్టరమ్మ మాస్టారికి ఒకే ఒక్క శిష్యురాలు. క్లినిక్‌లో ట్రే మీద పట్టకార్లు వరసగా మెరుస్తున్నాయి. చిన్నవి, మొన సూదిలా ఉన్నవి. ఎస్సై వాటిని చూశాడు. ఇన్‌స్పెక్టర్ ఎస్సైని చూశాడు.

రోజూ మాస్టారితో గట్టుకి వెళ్ళేదట. ఈ రోజు వెళ్ళలేదు.

“ఎందుకని?”

“గొడవపడ్డాను. హాల్లో ముందు గోడ మొత్తం మాస్టారి పన్నెండు బొమ్మలకే ఇచ్చారు. నావి స్టోర్ రూం పక్కన పెట్టారు. నీకు నేర్పిందే నీడలో నిలబడటం కదా అని మాస్టారే నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. పొద్దున ఇంట్లోనే ఉన్నాను. ఒక్కదాన్నే.”

“ఆ గొడవ ఎక్కడ?”

“నిన్న సాయంత్రం, ఫ్రేముల షాపులో. ప్రదర్శన సెక్రటరీ ఆ షాపు దువ్వెనే కదా. పన్నెండూ నేల మీద వరసగా పరిచి ఉన్నాయి. మాస్టారు వాటినే చూస్తూ, ‘ఒరేయ్ దువ్వెనా, వానల నెలలో మీ పెరట్లో అంత గొయ్యి దేనికి తవ్వావురా’ అనడిగారు. గులాబీలకి అన్నాడు దువ్వెన. నేను కోపంలో ఉన్నాను, బయటికి వచ్చేశాను. మాస్టారితో అదే ఆఖరి మాట అవుతుందని తెలిస్తే అలా వస్తానా?”

ఇన్‌స్పెక్టర్ ఆవిణ్ణి ఓ పని అడిగాడు. రేపు పగలు గట్టు మీద ఒక ఆకాశం వేసి, తడిగా ఉండగానే సాయంత్రం హాల్‌కి తెమ్మన్నాడు. ఆవిడ వింతగా చూసింది. సరేనంది.

*

ఫ్రేముల షాపాయన జేబులో ఎప్పుడూ దువ్వెన ఉంటుంది. ఆ పేరే ఆయనకి స్థిరపడిపోయింది. షాపు అద్దంలా ఉంది. గోడ మీద చెక్కపలక, పలక మీద మేకులు, మేకులకి పనిముట్లు. ఏది ఎక్కడ తగిలించాలో దాని ఆకారం పెన్సిల్‌తో గీసి ఉంది. సుత్తి, రంపం, కత్తెర, సన్న పట్టకారు. అన్నీ వాటి వాటి గీతల్లోనే ఉన్నాయి.

మాట్లాడుతూనే ఆయన ఇన్‌స్పెక్టర్ చొక్కా చేతి మీదున్న దారప్పోగు తీసి చెత్తబుట్టలో వేశాడు. ఆ పని చేసినట్టు ఆయనకే తెలిసినట్టు లేదు.

మాస్టారు అన్నలాంటివాడన్నాడు. వదినగారి మొహం చూడలేకపోతున్నానన్నాడు. ఇంట్లో ఎవరెవరున్నారని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. ఒక్కణ్ణే అన్నాడు. సొంత అన్న ఒకడు కలిసే ఉండేవాడు, కాలు నిలవని మనిషి, పోయిన వానల్లో చెప్పాపెట్టకుండా ఎటో పోయాడు. ఊరికి ఆ సంగతి తెలుసు. అలా పోవడం అతనికి అలవాటే.

“మాస్టారి పన్నెండు బొమ్మలూ ఒకసారి చూడొచ్చా?”

“పదకొండే ఉన్నాయి సార్. ఒకటి సరిగా రాలేదని ఆయనే వెనక్కి తీసుకెళ్ళిపోయారు.”

“ఏ నెలది?”

“గమనించలేదు సార్.”

అన్నీ గమనించే మనిషి ఆ ఒక్కటీ గమనించలేదు. ఇన్‌స్పెక్టర్ నమస్కారం పెట్టి వచ్చేశాడు.

*

మర్నాడు సాయంత్రం 5.30కి హాల్లో నలుగురు కూర్చున్నారు. మాస్టారి భార్య, డాక్టరమ్మ, దువ్వెన, ఎస్సై. ముందు గోడ మీద పదకొండు బొమ్మలు. మధ్యలో ఒకదానికి చోటు ఖాళీ. దువ్వెన కుర్చీ పక్కనే స్టాండు మీద డాక్టరమ్మ తెచ్చిన ఆకాశం తడిగా మెరుస్తోంది. దాన్ని అక్కడ పెట్టించింది ఇన్‌స్పెక్టరే.

ఆయన నిలబడి మొదలుపెట్టాడు. తొందరేమీ లేదు.

“చెప్పుల దగ్గర మొదలెడదాం. జీవితంలో ఏనాడూ చెప్పులు జతగా విడవని మనిషి, చావబోయే ముందు మడమలు కలిపి పెట్టాడట. అవి ఇంకెవరో సర్దారు. అంటే ఆ పొద్దున గట్టు మీద రెండో మనిషి ఉన్నాడు.”

ఆయన రెండో వేలు మడిచాడు.

“రెండోది, ఆకాశంలో గుంటలు. తడి రంగులోంచి ఎవరో పురుగుల్ని ఒక్కొక్కటిగా ఏరారు. సన్న పట్టకారుతో. అలాంటివి ఈ గదిలో ఇద్దరి దగ్గర ఉన్నాయి. డాక్టరమ్మా, మీ బొమ్మ మీద ఎన్ని పురుగులున్నాయి?”

“బోలెడు.”

“తియ్యలేదేం?”

“తడిలో ముట్టుకుంటే బొమ్మ పాడవుతుంది సార్. మాస్టారు మొదటి రోజు నేర్పిందే అది.”

“బయట నిలబడి వేసేవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. బొమ్మలు ఎండాకే ఎవరి చేతికి వస్తాయో ఆ మనిషి అయితే చేస్తాడు. అతనికి తడి బొమ్మతో పరిచయం లేదు. పురుగు కనిపిస్తే తియ్యడం ఒక్కటే తెలుసు.”

ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ అనకుండా స్టాండు వైపు చూశాడు. మిగతా ముగ్గురూ అటే చూశారు.

దువ్వెన ఖాళీ చోటువైపు చూస్తున్నాడు. నుదుటి మీద చెమట. అతని కుడి చెయ్యి మాత్రం దాని పని అది చేసుకుపోతోంది. బొమ్మలు తగిలించే పనికి జేబులో వేసుకొచ్చిన సన్న పట్టకారు తీసింది. తడి నీలంలోంచి ఒక పురుగుని పట్టి లాగింది. రెండోదాన్ని లాగింది. మూడోదాని దగ్గర, గదంతా నిశ్శబ్దమైపోయిందని అతనికి తెలిసి చెయ్యి ఆగింది.

“దాని కీలులో నిన్నటి నీలం కూడా ఉంటుంది. ఎంత తుడిచినా ల్యాబ్‌కి దొరుకుతుంది” అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఎస్సై రుమాలుతో పట్టకారు అందుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి ఒక అట్టముక్క తీసి గోడ మీది ఖాళీలో ఆనించాడు. వంటింటి అలమరది. వానల నెల. అవతలి ఒడ్డున దువ్వెన పెరట్లో, మనిషి పొడుగున మట్టిరంగు మచ్చ. దాని పక్క బొమ్మలో, తర్వాతి నెల, అదే చోట పచ్చటి మొక్కలు.

“మాస్టారికి ఏమీ తెలియదు. కనిపించింది వేశాడు, తోచింది అడిగాడు. పెద్ద బొమ్మ నువ్వు మాయం చేశావు. చిన్నది ఈవిడ చెత్తలోంచి ఏరి దాచుకుంది. ఇప్పుడు నీ పెరట్లో మావాళ్ళు తవ్వుతున్నారు. మీ అన్న ఎటూ పోలేదు కదూ?”

దువ్వెన నోరు విప్పాడు. గొంతు మామూలుగానే ఉంది. దానికే భయం వేసింది అందరికీ.

“వాడు ఏదీ తీసిన చోట పెట్టేవాడు కాదు సార్. ఇరవై ఏళ్ళు వాడి వెనకాల సర్దాను. ఆ రోజు సుత్తి కూడా నేల మీదే పడేశాడు.”

“మాస్టారో?”

“ఆ ఒక్క బొమ్మా వద్దని బతిమాలాను. పన్నెండు నెలల్లో ఒకటి తీస్తే ఏడాది ఎలా అవుతుందిరా అని నవ్వాడు. బొమ్మ చూసుకుంటూ ఎప్పటిలాగే గట్టు వెంబడి వెనక్కి వెనక్కి అడుగులేశాడు. తూము దగ్గర లోతని నాకు తెలుసు. కొంచెం నెట్టాను. కళ్ళజోడు గట్టు మీదే పడింది.”

మాస్టారి భార్య లేచి అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

“కేకేశారా?”

దువ్వెన తల దించుకున్నాడు.

“చెప్పవయ్యా.”

“వేశాడు వదినా. మిమ్మల్నే పిలిచాడు. రెండుసార్లు.”

“అప్పుడు నువ్వేం చేస్తున్నావు?”

అతను తన కుడిచేతి వేళ్ళవైపు చూసుకున్నాడు. జవాబు అందరికీ తెలిసిపోయింది. ఆవిడ అక్కడే, అప్పుడు, మొదటిసారి గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఆపలేదు.

*

ప్రదర్శన వారం ఆలస్యంగా జరిగింది. పన్నెండో చోట ఆ అట్టముక్కనే పెట్టారు. చివర్లో, విడిగా, సగంలో ఆగిన ఆ ఆఖరి బొమ్మ. గుంటలు పూడ్చి ఇమ్మంటారా అని డాక్టరమ్మ అడిగితే వద్దంది మాస్టారి భార్య.

ఇన్‌స్పెక్టర్ మామూలు బట్టల్లో వచ్చాడు. అలవాటు ప్రకారం ముక్కు ఆనించి చూశాడు. మూలన, గొడుగు నీడ పడే చోట, పట్టకారుకి దొరకని నుసుమ ఒకటి నీలంలో ఉండిపోయింది. రంగు ఎండింది. గోటితో గీకితే రాలిపోతుంది.

డాక్టరమ్మ కూడా చూసింది. వేలు పైకెత్తింది.

“ఉండనివ్వమ్మా” అంది మాస్టారి భార్య. “ఆఖరికి ఆయనతో ఉన్నది అదొక్కటే.”