మూడో సీసా నీళ్లు

డిటెక్టివ్ ఎదుటి కుర్చీలో కూర్చున్నాక కూడా ఆమె చేతిసంచీ ఒళ్లోంచి దించలేదు. పరిశ్రమలను ఊరికి రప్పించే ఆఫీసులో అధికారిణి ఆమె. నాలుగేళ్లు ఒక అద్దకం కంపెనీ చుట్టూ తిరిగి, మూతపడ్డ మిల్లు స్థలంలో ఫ్యాక్టరీ పెట్టేందుకు ఒప్పించింది. మూడువందల ఉద్యోగాలు. సంతకాలకు వారం ముందు అంతా ఆగిపోయింది.

"అక్కడి బోరు నీళ్లు మూడుసార్లు పరీక్షకు పంపాం మాస్టారూ. మొదటి రెండుసార్లూ సున్నం తక్కువున్న మెత్తటి నీళ్లన్నారు. మూడోసారి పదింతలు కఠినమన్నారు, అలాంటి నీళ్లలో బట్టకు రంగు సరిగ్గా అంటదు. సీసా ఎవరు మార్చారో తేలేదాకా కంపెనీవాళ్లు సంతకం పెట్టరట."

"ఎవరిమీద అనుమానం?"

"మూడో సీసా పట్టింది మా సర్వేయరు. నిన్ననే సెలవు మీద పంపేశాను. మొదటి రెండూ మా నాన్నగారు పట్టారు. ఆ మిల్లు ఫోర్‌మన్‌గా చేసి, ఇప్పుడక్కడే కాపలా ఉంటున్నారు. మూడోసారికి జ్వరంతో పడుకున్నారు. లేకపోతే ఈ గొడవే ఉండేది కాదు."

డిటెక్టివ్ ఒకప్పుడు లెక్కలు చెప్పేవారు. అందుకే ఇప్పటికీ అందరికీ మాస్టారే. ఆయన రిపోర్టులను తన సహాయకురాలికి అందించారు. ఆవిడ రిటైరైన నర్సు.

"మొదటిది నడివేసవిలో, రెండోది వానలు పడ్డాక. రెండింట్లోనూ కాఠిన్యం అంకె అరవై రెండే," అంది ఆవిడ.

మాస్టారు తలూపారు.

మధ్యాహ్నం ఇద్దరూ మిల్లుకు వెళ్లారు. ముసలి ఫోర్‌మన్ కాపలా గదిలో స్టవ్ వెలిగించి టీ పెట్టాడు.

"నీళ్లెక్కడివండీ?" అని అడిగింది సహాయకురాలు.

"బోరువేనమ్మా. పదేళ్లుగా ఇవే తాగుతున్నా."

టీ పోశాక ఆవిడ గిన్నె లోపలికి చూసింది. అడుగున వేలిమందం తెల్లటి పెచ్చు కట్టి ఉంది. మాస్టారు బోరు నుంచి ఒక సీసా నింపుకున్నారు. తిరిగి వస్తూ ఊళ్లో ఫిల్టరు నీళ్లమ్మే చోట ఇంకొకటి నింపించి, రెండూ పరీక్షకు పంపారు.

నాలుగో రోజు మాస్టారూ సహాయకురాలూ వెళ్లేసరికి అధికారిణి గదిలో ఆమె, తండ్రి, సర్వేయరు, కంపెనీ ఇంజనీరు కూర్చున్నారు.

"మూడో సీసాను ఎవరూ మార్చలేదు," అన్నారు మాస్టారు. "నేను స్వయంగా పట్టిన బోరు నీళ్లూ అంతే కఠినం. గిన్నెకు ఆ పెచ్చు మెత్తటి నీళ్లతో కట్టదు. మండువేసవిలోనూ వానల తర్వాతా ఒకే అంకె చూపించే బోరు ఉండదు. ఫిల్టరు నీళ్లకు మాత్రం సరిగ్గా అరవై రెండు వచ్చింది. మారినవి మొదటి రెండు సీసాలు."

కూతురు తండ్రి వైపు తిరిగింది. ఆయన తల దించుకున్నాడు.

"మిల్లు మూసిన రోజు గేటుకు తాళం వేసింది నేనేనమ్మా. మూడొందల మంది బయట నిలబడి చూశారు. ఆ నీళ్లు చూస్తే ఎవడూ రాడనుకున్నా. మళ్లీ ఆ గేటు నా చేత్తోనే తీద్దామనుకున్నా."

ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. "మా పాత ఫ్యాక్టరీలో ఇంతకన్నా కఠినమైన నీళ్లండీ. మెత్తబరిచే యంత్రం పెట్టుకున్నాం. ఇక్కడా పెట్టుకునేవాళ్లమే."

"మరిప్పుడు?" అంది ఆమె.

"ఇప్పుడు ఈ ఆఫీసు పంపే ఏ కాగితాన్నీ మావాళ్లు నమ్మరమ్మా."

"అంటే..." ముసలాయన తలెత్తి ఇంజనీరు వైపు చూశాడు. "ఉన్న నీళ్లు ఉన్నట్టు పట్టి పంపుంటే వచ్చేదా బాబూ, ఫ్యాక్టరీ?"

ఇంజనీరు అతని ముఖం చూడలేకపోయాడు. "వచ్చేదండీ," అన్నాడు.

అధికారిణి లేచి సర్వేయరు ముందు నిలబడింది. "మిమ్మల్ని అనుమానించాను. తప్పు నాది," అంది. అతను కళ్లు తుడుచుకుని బయటికి వెళ్లిపోయాడు. కేసు తేలినప్పుడల్లా మాస్టారిని మెచ్చుకునే సహాయకురాలు ఆ రోజు కిటికీ వైపు తిరిగి నిలబడింది.

గుమ్మం దగ్గర ముసలాయన చెప్పుల కోసం కాళ్లతో తడుముకున్నాడు. కూతురు వంగి తొడిగింది.

"నా మీద కోపంగా ఉందా అమ్మా?"

"ఉంది నాన్నా," అంది, ఆయన చెయ్యి పట్టుకుని మెట్లు దింపుతూ.